వెలుగు ఉన్నంతసేపు తడిగా ఉండే రంగు

మే నెలలో పాకాల చెరువు కట్ట మీద సాయంత్రం అయిదింటికి ఈజిల్, అంటే బొమ్మ వేసే స్టాండు నిలబెడితే నాకు దొరికేది గంటన్నర, మహా అయితే గంటా ముప్పావు. అయిదింటికి నీళ్ళ మీద తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనపడదు. అయిదున్నర దాటాక ఆ మెరుపు విరిగి, అవతలి గుట్టల నీడలు నీళ్ళలోకి దిగుతాయి. ఆరుంబావుకు అడవి పచ్చదనమంతా ఒకే ముద్దగా నీలంలోకి జారుతుంది. ఆ తర్వాత పది నిమిషాలపాటు గుట్టకూ ఆకాశానికీ మధ్య గీత ఉండదు. ఎక్కడ గుట్ట అయిపోయిందో, ఎక్కడ ఆకాశం మొదలైందో చెప్పలేం. హన్మకొండ నుంచి నర్సంపేటకు, అక్కణ్ణుంచి పాకాలకు రెండు బస్సులు మారి నేను పోయేది ఆ పది నిమిషాల కోసం.

ఆ గంటన్నరా నా రంగు తడిగా ఉండాలి. ఆ తర్వాత వీలైనంత త్వరగా ఆరాలి, ఎందుకంటే మళ్ళీ బస్సెక్కాలి. రంగుతో నాకున్న పేచీ మొత్తం ఈ రెండు వాక్యాలే. పన్నెండేళ్ళు ఆయిల్స్, అంటే నూనెలో కలిపిన రంగులు వాడాను. తర్వాత నాలుగేళ్ళు నీళ్ళతో కలిపే మామూలు ఆక్రిలిక్ వాడాను. ఇప్పుడు అయిదేళ్ళుగా నెమ్మదిగా ఆరే ఆక్రిలిక్ వాడుతున్నాను. మన ఎండల్లో బయట నిలబడి చెరువులూ గుట్టలూ చెలకలూ వేసేవాళ్ళకు ఆయిల్ కన్నా ఇదే సరైన రంగు అని నా అభిప్రాయం. ఆయిల్ కొనలేనివాళ్ళు దీనితో సర్దుకోవచ్చని చెప్పడం లేదు. దీని ధర ఆయిల్ కంటే తక్కువేమీ కాదు. ఈ పనికి ఇదే మేలని చెప్తున్నాను.

నాకు బొమ్మలు నేర్పిన సారు ఉన్నంతకాలం ఈ మాట ఒప్పుకోలేదు. "నీళ్ళ రంగులు పిల్లలకమ్మా. ఆయిల్ పట్టినోళ్ళే పెయింటర్లు" అనేవారు. ఆయన మీద నాకున్న గౌరవం ఎప్పటికీ తగ్గదు. వెలుగును చూడటం నేర్పిందే ఆయన. కానీ ఆ ఒక్క మాట వల్ల నేను చాలా ఏళ్ళు నాకు నప్పని పని చేస్తూ ఉండిపోయాను.

ఒక సంగతి చెప్తాను. అప్పటికి ఆయిల్స్‌లో నా చేయి బాగానే తిరిగింది. పాకాల దగ్గర ఒక సాయంత్రం మంచి బొమ్మ పడింది. తడి కాన్వాస్‌ని నాకు ఎదురుగా, ఎవరికీ తగలకుండా పట్టుకుని నర్సంపేట బస్సులో కూర్చున్నాను. ఒక మలుపులో బస్సు ఊగింది. పక్కన నిలబడ్డ ఆమె తూలి నా మీద పడింది. నిమ్మపండు రంగు చీర, పెళ్ళికి పోయి వస్తున్నదట. కొంగు మీద జానెడు మేర అల్ట్రామెరీన్ నీలం. ఆమె తిట్టలేదు. కొంగు చేతిలోకి తీసుకుని, "ఇది పోతదా అమ్మా?" అని అడిగింది. పోదని నాకు తెలుసు. ఆ ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. తర్వాత చీర కొని ఆమె ఊరికి పోయి ఇచ్చి వచ్చాననుకోండి. కానీ ఆ "పోతదా" అన్న గొంతు ఇంకా చెవిలో ఉంది. బొమ్మ కూడా పాడైంది, సరిగ్గా నీళ్ళూ గుట్టా కలిసే చోట.

ఇక ఇంట్లో సంగతి. మాది రెండు గదుల ఇల్లు. అత్తమ్మకు ఆయాసం. ఆయిల్ రంగును పలుచన చేసే టర్పెంటైన్ సీసా మూత తీస్తే చాలు, పక్క గదిలో దగ్గు మొదలయ్యేది. ఆమె ఒక్కనాడూ వద్దనలేదు. "బిడ్డా, ఆ నూనె పని నేను భద్రకాళి గుడికి పోయినప్పుడు చేసుకోరాదు" అనేది. అంటే నా పెయింటింగ్ అంతా ఆమె గుడికి పోయివచ్చే రెండు గంటల్లోనే. దానికి తోడు బ్రష్‌లు తుడిచిన గుడ్డలు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆ గుడ్డలన్నీ ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూల పెట్టాను. సాయంత్రం సంచి ముడితే వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన ఒంటిలాగా. ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు ఉండలా ఉంటే ఆ వేడి బయటికి పోక, ఒక్కోసారి నిప్పు దానంతట అదే అంటుకుంటుంది. కొంతమంది ఆయిల్ పెయింటర్లకు కూడా ఈ సంగతి తెలియదు. ఆయిల్స్ వాడేవాళ్ళు దయచేసి గుడ్డల్ని విడివిడిగా ఆరేయండి, లేకపోతే నీళ్ళున్న మూత డబ్బాలో వేయండి. ముఖ్యంగా మన వేసవిలో.

ఆయిల్ రంగు ఆరుతుందని అంటాం కానీ నిజానికి అది ఆరదు. ఆవిరవడానికి అందులో నీళ్ళేమీ లేవు. నూనె ఆక్సిజన్‌ని పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకే రోజులు పడుతుంది, మందంగా వేస్తే వారాలు పడుతుంది. రంగును బట్టి కూడా తేడా ఉంటుంది. ముదురు మట్టి రంగు బర్న్‌ట్ అంబర్ తొందరగా గట్టిపడుతుంది, నలుపు, కాడ్మియం ఎరుపు పసుపులు సతాయిస్తాయి. పై పొరలో కింది పొరకన్నా నూనె ఎక్కువ ఉండాలి, లేకపోతే తర్వాత పగుళ్ళు వస్తాయి. వార్నిష్ వేయడానికి ఆరు నెలలో ఏడాదో ఆగమంటారు.

ఆక్రిలిక్ దీనికి పూర్తిగా ఎదురు. అది పాల లాంటిది. సన్నటి ప్లాస్టిక్ రేణువులు నీళ్ళలో తేలుతుంటాయి, వాటి మధ్య రంగుపొడి. నీళ్ళు ఆవిరైతే రేణువులు దగ్గరకు జరిగి ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. ఒకసారి అతుక్కున్నాక నీళ్ళు పోసినా విడిపోవు. నీళ్ళతో కలిపే ఆక్రిలిక్ కళాకారుల చేతికి వచ్చింది 1950లలో. దానికి ఇంకా నిండా ఎనభై ఏళ్ళు లేవు.

దాన్ని వరంగల్ మే నెలలోకి తెచ్చామనుకోండి. నలభై నాలుగు డిగ్రీలు, పొడి గాలి. రంగులు కలుపుకునే ప్యాలెట్ మీద పెట్టిన తెలుపు మీద అయిదు నిమిషాల్లో పొర కడుతుంది. బ్రష్ మీదున్నది కాన్వాస్ చేరేలోపే బిగుసుకుపోతుంది. మొదటి ఏడాది నేను చాలా బ్రష్‌లు పాడుచేసుకున్నాను. నీళ్ళు చిలకరిస్తే రంగు పలుచనై చారలు కారుతుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలిపాను. అది కొంతవరకే. ఎక్కువైతే రంగు ఎన్నటికీ పూర్తిగా ఆరదు, వేలు పెడితే జిగట. ఆ నాలుగేళ్ళూ నేను వేసిన చెరువులన్నీ కత్తితో కోసిన అంచులతో ఉంటాయి. గుట్ట ఒక ముక్క, ఆకాశం ఇంకో ముక్క. చూసినవాళ్ళు బాగున్నాయనేవాళ్ళు. నాకు తెలుసు, అది పాకాల కాదు.

ఒక చిన్న చోటు దగ్గరగా చూపిస్తాను, విషయమంతా అక్కడే ఉంది. చెరువు ఒడ్డున తాటిచెట్టు, దాని నీడ నీళ్ళలో. ముందు నీళ్ళ రంగు పరుస్తాను. మే నెలలో అది నీలం కాదు, దుమ్ము కలిసిన తెల్లటి బూడిద రంగు, అడుగున కొంచెం ఓకర్, మట్టి పసుపు. అది తడిగా ఉండగానే తాటిచెట్టు నీడను ముదురు రంగుతో పై నుంచి కిందికి లాగుతాను. ఇప్పుడు నీడ నిలువుగా, గట్టిగా ఉంది, గోడ మీద కర్ర ఆనించినట్టు. పొడి వెడల్పు బ్రష్ తీసుకుని, దాదాపు బరువు లేకుండా, ఎడమ నుంచి కుడికి ఒక్కసారి తాకిస్తాను. నిలువు రంగు అడ్డంగా కొద్దిగా చెదురుతుంది. నీడ వణుకుతుంది. అప్పుడు అది నీళ్ళవుతుంది. ఆ ఒక్క తాకుడు లేకపోతే అక్కడ నీళ్ళు లేవు, బూడిద రంగు మాత్రమే ఉంది. ఆ తాకుడుకి కింది రంగూ పై రంగూ రెండూ తడిగా ఉండాలి. మామూలు ఆక్రిలిక్‌లో మేలో అది అసాధ్యం. ఆయిల్‌లో సాధ్యమే, కానీ ఆ మెత్తటి నీడ వారం రోజులు తడిగానే ఉంటుంది. దాన్ని బస్సులో తేవాలి, రెండు గదుల ఇంట్లో దాచాలి, దుమ్ము పడకుండా చూసుకోవాలి.

నెమ్మదిగా ఆరే ఆక్రిలిక్ ఈ రెంటి మధ్యలోకి వచ్చింది. అమెరికాలోని గోల్డెన్ కంపెనీ ఓపెన్ పేరుతో 2008లో తెచ్చిన రంగులు ఈ తరహావే, నేను ఎక్కువగా వాడేవి అవే. ఆస్ట్రేలియా వాళ్ళ అటెలియే ఇంటరాక్టివ్ ఇంకో దారి. అందులో ఆరబోతున్న రంగును నీళ్ళ స్ప్రేతో మళ్ళీ కదిలించవచ్చు. గొడుగు నీడలో, పలుచగా వేస్తే, మే సాయంత్రం ఓపెన్ రంగు నాకు గంటన్నర దాకా కదులుతూనే ఉంటుంది. నేరుగా ఎండ తగిలితే అంతసేపు ఉండదు, అందుకే గొడుగు తప్పనిసరి. బస్సెక్కేసరికి పలుచటి చోట్లు వేలికి అంటవు. కాస్త మందంగా పడ్డచోట ఇంకా జిగటగా ఉంటుంది, అందుకని లోతుగా ఉండే అట్టపెట్టెలో పెట్టి మూస్తాను. ఖర్మకాలి ఎవరి చీరకైనా అంటినా, తడి ఉన్నంతలో నీళ్ళతో కడిగితే పోతుంది. ఈ ఒక్క మాట నాకు ఎంత ధైర్యమో మీకు చెప్పలేను.

వాడే తీరు కొంత మార్చుకోవాలి. మామూలు ఆక్రిలిక్‌లాగా ఇందులో నీళ్ళు ధారాళంగా పోస్తే దాని గుణమే పోతుంది. పలుచన కావాలంటే దానికని అమ్మే థిన్నర్ చుక్కలు చాలు. స్పాంజి పెట్టిన తడి ప్యాలెట్ దీనికి అవసరం లేదు. నేను స్టీలు టిఫిన్ డబ్బా వాడతాను, పిల్లలు బడికి తీసుకుపోయేలాంటిది. అడుగున రంగులు పెట్టుకుని పని అయ్యాక మూత బిగిస్తే నాలుగైదు రోజుల తర్వాత కూడా చాలావరకు మెత్తగా ఉంటాయి. ఆయిల్‌లో పారేసినంత రంగు ఇందులో పారేయను.

ధర మాత్రం గట్టిదే. ఒక్క ట్యూబు కొనే డబ్బులతో ఇక్కడి కంపెనీ ఆక్రిలిక్ ట్యూబులు నాలుగైదు వస్తాయి. అందుకని అన్నీ కొనను. మొదటి పొర, అంటే ఎర్రచెలక నేల, గుట్టల ఆకారం, పెద్ద నీడలు, మామూలు ఆక్రిలిక్‌తో వేస్తాను. మన ఎండకు అది పది నిమిషాల్లో ఆరిపోతుంది, ఇప్పుడు ఆ తొందర నాకు పనికొస్తుంది. దాని మీద నెమ్మది రంగుతో అంచులు, పొగమంచు, నీళ్ళు, ఆకాశం. నా దగ్గర ఈ రకంలో ఉన్నవి టైటానియం తెలుపు, అల్ట్రామెరీన్, ఎల్లో ఓకర్, ఎర్రమట్టి రంగు బర్న్‌ట్ సియెన్నా, ఒక ఆకుపచ్చ. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా కలిపి తెలుపు వేస్తే మన గుండు రాళ్ళ బూడిద రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే పొద్దుటి గుండు, సియెన్నా ఎక్కువైతే సాయంత్రపు గుండు. రెండు రకాల్నీ ప్యాలెట్ మీదే కలిపి, ఆరే వేగాన్ని అటూఇటూ సర్దుకోవచ్చు కూడా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, దాచను. మందంగా వేయడానికి ఇది పనికిరాదు. కత్తితో వెన్నలా పూసేవాళ్ళు దీని జోలికి రావొద్దు. పైన పొర కట్టి లోపల నెలల తరబడి పచ్చిగా ఉంటుంది. గంట కిందటి పొర మీద బ్రష్ గట్టిగా రుద్దితే కింది రంగు లేచి వస్తుంది. తడిలో ఉన్న రంగు ఆరాక కొంచెం ముదురవుతుంది. తడిగా ఉన్నప్పుడు ఆ ప్లాస్టిక్ రేణువుల పాలతెలుపు రంగును లేతగా చూపిస్తుంది, ఆరితే అది పారదర్శకం అవుతుంది, అంతే. ఒక అట్టముక్క మీద ముందే పూసి ఆరబెట్టి చూసుకుంటే అలవాటవుతుంది. ఇంకొకటి, ఆక్రిలిక్ పొర వేడికి మెత్తబడుతుంది. ఒక మేలో రెండు బొమ్మల్ని ఎదురెదురుగా ఆనించి బీరువా పక్కన పెట్టాను. జూన్‌లో తీస్తే రెండూ అతుక్కుని ఉన్నాయి. విడదీస్తే ఒకదాని ఆకాశం ఇంకోదాని పొలం మీదికి వచ్చింది. ఆయిల్ బొమ్మ పూర్తిగా గట్టిపడ్డాక ఇలా చేయదు. ఆక్రిలిక్ బొమ్మల్ని ఎప్పుడూ ముఖానికి ముఖం ఆనించి పెట్టకండి, దుమ్ము పట్టే చోట అసలే వద్దు.

చలికాలం ఇంకో పరీక్ష. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు కుంటాల జలపాతానికి పోయాను. తెల్లవారుజామున అక్కడ చలి ఎముకల్లోకి దిగుతుంది. ఆక్రిలిక్ రేణువులు అతుక్కోవాలంటే దాదాపు తొమ్మిది పది డిగ్రీల వెచ్చదనమైనా ఉండాలి. అంతకన్నా చల్లగా ఉంటే పొర సరిగ్గా కట్టదు. ఆ పొద్దు జలపాతపు తుంపర కూడా తోడైంది. మధ్యాహ్నం దాకా రంగు పేస్టులాగే ఉండిపోయింది. ఎండ ముదిరాక మళ్ళీ మొదలుపెట్టాను. ఏడాదిలో ఆ పది పదిహేను పొద్దుల్లో ఆయిలే మేలు. మిగతా రోజులకు మన ఊళ్ళలో ఈ సమస్య రాదు.

ఆయిల్‌లో ఒక లోతు ఉంటుంది, అది మీ రంగులో రాదు అంటారు. నిజమే. రామప్ప గుడిలో మదనికల శిల్పాల నల్లరాతి నునుపు, ఆ నలుపులో కనపడీ కనపడని వెలుగు ఆయిల్‌లో వచ్చినట్టు నాకు ఇందులో ఇంతవరకూ రాలేదు. వార్నిష్ వేశాక కొంత దగ్గరకు వస్తుంది. కానీ ఒక్క నలుపు లోతు కోసం మిగతా అన్నీ వదులుకోలేను. నేను వేసేది రాయి కాదు, దుమ్ము పట్టిన గాలి. మన వేసవి గాలికి మెరుపు అక్కర్లేదు. ఈ రంగులో నాకు వచ్చే ఆ మెరుపు తగ్గిన తెలుపు మన మే ఆకాశానికి సరిగ్గా సరిపోతుంది.

వయసు సంగతి కూడా ఉంది. ఆయిల్ బొమ్మలు అయిదారు వందల ఏళ్ళు నిలిచాయి, ఆక్రిలిక్‌కి అంత చరిత్ర లేదు. ఒప్పుకుంటాను. అయితే అవిసె నూనె కాలం గడిచేకొద్దీ పసుపు పచ్చబడుతుంది, బిరుసెక్కి పగులుతుంది. ఆక్రిలిక్ పొర సాగుతుంది. మరీ చలిలో తప్ప, కాన్వాస్ చుట్టినా మామూలుగా పగలదు.

చుట్టడం అన్నాను కాబట్టి చేర్యాల గుర్తొస్తుంది. సారుతో నేను గట్టిగా వాదించలేకపోయిన మాట ఇది, ఆయన ఉన్నప్పుడే చెప్పి ఉండాల్సింది. చేర్యాల నకాషీ బొమ్మలు చూడండి. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టించి, ఆరాక దాని మీద ఎర్రటి నేల పరిచి, నీళ్ళలో కలిపిన రంగులతో కథంతా గళ్ళుగళ్ళుగా వేస్తారు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని చుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. ప్రతి ఊళ్ళో విప్పాలి, మళ్ళీ చుట్టాలి. అంటే ఆ రంగు త్వరగా ఆరాలి, ఎండకు ఓర్చుకోవాలి, ముడతకు పగలకూడదు. మనవాళ్ళు తమ పనికి ఏ రంగు సరిపోతుందో చూసుకుని, దొరికే జిగుర్లతో దాన్ని చేసుకున్నారు. నీళ్ళలో కలిపే రంగు పిల్లలదని ఆ నకాషీ ఇళ్ళలో ఎవరైనా అంటారా? ఆయిల్ మన దగ్గరికి యూరప్ పద్ధతితో వచ్చింది. రవివర్మ దాన్ని ఎంత ఎత్తుకు తీసుకుపోయాడో అందరికీ తెలుసు. నాకు దాని మీద కోపం లేదు. చల్లటి దేశాల్లో, పెద్ద స్టూడియోల్లో, వారాల తరబడి ఒకే బొమ్మ దగ్గర కూర్చునేవాళ్ళ పనికి తగ్గట్టు అది ఎదిగింది. పాకాల కట్ట మీద సాయంత్రం గంటన్నర నిలబడేదాని పని వేరు. మన కరీంనగర్ జిల్లాలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లో ఎన్నో ఆక్రిలిక్‌వే. ఆ కుంకుమబొట్టు ఎరుపును, ఆ పసుపును చూసి ఇది తక్కువ రంగు అని ఎవరూ అనలేరు.

సారు పోయాక ఆయన కుటుంబం ఆయన ఆయిల్ పెట్టె నాకిచ్చింది. చెక్కపెట్టె, లోపల సగం వాడిన ట్యూబులు, మూతలు బిగుసుకుపోయి ఉన్నాయి. వేడినీళ్ళలో పెట్టి ఒక్కొక్కటే తెరిచాను. చాలావరకు ఇంకా మెత్తగానే ఉన్నాయి. వాటిని నా దగ్గర నేర్చుకునే అమ్మాయికి ఇచ్చాను. ఆమె మనుషుల ముఖాలు వేస్తుంది, వాళ్ళ నాయనమ్మ ముఖాన్ని నెల రోజులుగా వేస్తున్నది, బుగ్గల మీద ముడతల దగ్గర ఇంకా తృప్తి లేదంటుంది. ఆ పనికి ఆయిలే కావాలి. గుడ్డలు ఎట్లా ఆరేయాలో మాత్రం మొదటి రోజే చూపించాను. చెక్కపెట్టె నేను ఉంచుకున్నాను. అందులో ఇప్పుడు నా అయిదు ట్యూబులు, థిన్నర్ సీసా, టిఫిన్ డబ్బా సరిగ్గా పడతాయి. గొడుగు మాత్రం విడిగా మోయాలి.